మా కంప్యూటర్‌కు వోల్టేజ్ పెంచిన వారం

ప్రాసెసర్‌కు వోల్టేజ్ పెంచడం పాపమేమీ కాదు. కాలిపోతుంది, పేలిపోతుంది అని భయపెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళలో ఒక్కరు కూడా మే నెలలో మేడ్చల్‌లో, పొద్దున పదింటికే పెనంలా కాలే స్లాబు కింద కూర్చుని పెళ్ళి వీడియో ఎడిట్ చేసి ఉండరు. నేను చేశాను. కాబట్టి ఆ వారం నేను చేసినదానికి ఎవరికీ సంజాయిషీ చెప్పను. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే. ఎందుకంటే మా ఇంట్లో ఈ కథను ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటున్నారు, మా అమ్మ చెప్పేదాంట్లో నేను మరీ వెర్రిబాగులవాడిలా ఉన్నాను.

మా ఇంటి ముందు గదే నా స్టూడియో. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్, రెండు కుర్చీలు, ఒక కిటికీ. కిటికీ అవతల వరండా. వరండాలో మా బాపు కుర్చీ, ఆ కుర్చీ వెనక గోడకు కరెంటు మీటరు. కరెంటు పోతే గదిలో లైటూ ఫ్యానూ ఇన్వర్టర్ మీద నడుస్తాయి. కంప్యూటర్‌ను మాత్రం ఇన్వర్టర్‌కు కలపలేదు, కలిపిన రోజు అది కీచుమని అరిచి పడుకుంది. కంప్యూటర్‌కంటూ ఒక యూపీఎస్ ఉంది గానీ దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఇప్పుడది ప్లగ్గులు పెట్టుకునే పెట్టెగా పనికొస్తోంది.

మా మేనమామకు కీసర దగ్గర ప్లాట్ల వ్యాపారం. షామీర్‌పేటలో ఆయన దోస్తు కూతురి పెళ్ళయితే వీడియో పని నాకు ఇప్పించింది ఆయనే. ఇప్పించి ఊరుకుని ఉంటే చేతులెత్తి మొక్కేవాణ్ణి. ఊరుకుంటే ఆయన మా మామ ఎందుకవుతాడు? ఆ సోమవారం మా ఇంటికొచ్చి, చాయ్ తాగి, కప్పు కింద పెట్టి మొదలుపెట్టాడు.

“సూడు అల్లుడా, వచ్చే ఐతారం పెండ్లికొడుకును ఇంటికి పిలుస్తున్నరు. పెద్ద దావత్. గాడ స్క్రీన్ వెట్టి పెండ్లి వీడియో ఏస్తరట. టైముకిస్తివా, మంచిదే. ఇయ్యకుంటే సోమారం నుంచి నా ఎంబడి ఆఫీసుకు రా. ఎన్నొద్దులని ఇంట్ల కూసుంటవ్?”

ఆయన ఆఫీసు నేను చూశాను. ఎండలో పెద్ద గొడుగు, గొడుగు కింద ప్లాస్టిక్ టేబులు, చుట్టూ హద్దురాళ్ళు. వచ్చినవాళ్ళను ఆ రాళ్ళ మధ్య నిలబెట్టి, ఇక్కడ మీ హాలు, ఇక్కడ మీ పూజగది, అదిగో అక్కడ స్విమ్మింగ్ పూల్ అని వట్టి నేలను చూపించాలి. నాకు ఎండ పడదు, అబద్ధం పడదు. రెండింట్లో ఎండే కొంచెం నయం. అంతకుముందు ఒకరిద్దరికి వీడియోలు ఆలస్యంగా ఇచ్చి మాట పడ్డవాణ్ణి కాబట్టి మామను గట్టిగా ఏమీ అనలేకపోయాను. బాపు వైపు చూశాను. ఆయన తల ఊపాడు. మామ మాటకే ఊపాడనుకుని నాకు కడుపు మండిపోయింది. సొంత తండ్రి కూడా నన్ను గొడుగు కిందికే పంపాలనుకుంటున్నాడని నిశ్చయానికి వచ్చేశాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పెళ్ళికి రెండు కెమెరాలు వాడాం, పైన డ్రోన్ తిప్పాం, బరాత్ మొత్తం తీశాం. అవన్నీ కత్తిరించి, అతికించి, రంగులు సరిచేసి, చివర్లో ఒకే వీడియోగా తయారు చెయ్యమని కంప్యూటర్‌కు అప్పగించాలి. ఆ చివరి పనిని రెండరింగ్ అంటారు. నా పాత కంప్యూటర్ ఆ పని పెళ్ళి జరిగినదానికన్నా ఎక్కువసేపు చేస్తుంది. దాని వేగంతో చేస్తే ఆదివారానికి అందదు. అందుకని ఓవర్‌క్లాకింగ్ చేద్దామనుకున్నాను.

దాంట్లో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ప్రాసెసర్‌కు కంపెనీవాళ్ళు ఒక వేగం పెట్టి పంపిస్తారు. మనం మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ వేగం పెంచుకోవచ్చు. వేగం పెరిగితే దానికి తిండి ఎక్కువ కావాలి, అంటే వోల్టేజ్ కూడా కాస్త పెంచాలి. వోల్టేజ్ పెరిగితే వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే దాని నెత్తి మీది ఫ్యాను గట్టిగా తిరుగుతుంది. ఇంతే శాస్త్రం, మిగతాదంతా గుండె ధైర్యం.

ధైర్యం చాలనప్పుడు ఫోన్ చెయ్యడానికి నాకొక దోస్తు ఉన్నాడు. ఉండేది మచ్చ బొల్లారం, అల్వాల్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. తన మిషన్ కానంతవరకు ఎంత వోల్టేజైనా పెంచమంటాడు.

“ఒకటి పాయింట్ రెండు ఐదు వెట్టు. ఏం గాదు. నేనున్న గదా,” అన్నాడు.

పెట్టాను. సేవ్ చేసి బయటికొచ్చాను. ప్రాసెసర్‌ను కావాలని అలవగొట్టి, నిలబడుతుందో లేదో తేల్చే ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది, దాన్ని నడిపించాను. ఫ్యాను గుయ్యిమని లేచింది. నాకు ఆ చప్పుడు సన్నాయి విన్నట్టుంది. కాసేపు బ్రహ్మాండంగా నడిచింది. ఇక గెలిచామని లేచి ఒళ్ళు విరుచుకునేసరికి టక్కున స్క్రీన్ ఆరిపోయింది. మళ్ళీ దానంతట అదే మొదలైంది, ఏమీ ఎరగనట్టు.

దోస్తుకు ఫోన్ చేశాను.

“నీలం స్క్రీన్ వచ్చిందా?”

“రాలే. టక్కున ఆరి, మల్ల మొదలైంది.”

“గట్లనా? అయితే తిండి సాల్తలేదు దానికి. ఇంకింత పెంచు.”

ఒకటి పాయింట్ మూడు చేశాను. ఫ్యాను ఇంకా గట్టిగా మోగింది. ఈసారి ఇంకా త్వరగా ఆరిపోయింది. ఇదేం చోద్యం? ఆకలి అని ఏడ్చే పిల్లవాడికి అన్నం పెడుతుంటే, పెట్టినకొద్దీ ముందే సొమ్మసిల్లుతున్నాడు. మళ్ళీ ఫోన్ చేస్తే దోస్తు, వేడి వల్ల అయ్యుంటుందన్నాడు. డబ్బాకు పక్క రేకు విప్పేశాను. వంటింట్లోంచి టేబుల్ ఫ్యాన్ తెచ్చి, దాని పేగుల్లోకి గాలి కొట్టేలా పెట్టాను. మా అమ్మ రొట్టెల పిండి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

“కన్నతల్లి పొయ్యికాడ ఉడుకుతాంటె, నువ్వు డబ్బాకు గాలి వెడ్తున్నవారా?”

“అమ్మా, ఆదివారం దాకా ఓర్సుకో.”

“గా ఐతారం దాంకా నేనుంటెనేగా.”

ఎంత కోపమొచ్చినా ఫ్యాను మాత్రం తీసుకుపోలేదు. అది మా అమ్మ.

ఇక్కడ మా బాపు గురించి చెప్పాలి. మాకు షామీర్‌పేట అవతల పొలం ఉండేది, ఇప్పుడు అక్కడ ప్లాట్లున్నాయి. బాపు జీవితంలో సగం బోరు మోటరు దగ్గరే గడిచింది. వోల్టేజ్ తక్కువైతే మోటరు తిరగలేక మూలుగుతుంది. ఆ మూలుగు విని వెంటనే ఆపకపోతే లోపలి చుట్ట కాలిపోతుంది. అలా కాలిన మోటర్లను బండిలో వేసుకుని వైండింగ్ దుకాణానికి తిరిగి తిరిగి ఆయనకు చెవులు పదునెక్కాయి. చింత చచ్చినా పులుపు చావనట్టు, పొలం పోయినా ఆ చెవి పోలేదు. మనం అన్నానికి పిలిస్తే వినపడదు, పక్కింటి ఫ్రిజ్ మూలిగితే మాత్రం లేచి కూర్చుంటాడు. ఆ వారమంతా ఆయన వరండాలో తన కుర్చీలోనే ఉన్నాడు. మధ్యమధ్య కిటికీలోంచి తొంగి చూసి, ఏదో అడగబోయి, నా మొహం చూసి ఆగిపోయేవాడు. నా మొహం అడగబుద్ధయ్యేలా లేదులెండి.

ఒకటి పాయింట్ మూడు ఐదు. ఇంకా త్వరగా ఆరిపోయింది. ర్యామ్ పీకి తుడిచి పెట్టాను. మదర్‌బోర్డు మీది గుండు బ్యాటరీ తీసి, సెట్టింగులన్నీ చెరిపేసి, మళ్ళీ మొదటినుంచి పెట్టాను. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు కొత్తగా రాశాను. ఆ పేస్టు నా చొక్కాకు, గడ్డానికి, అమ్మ పెట్టిన జొన్నరొట్టెకు కూడా అంటింది. అయినా వోల్టేజ్ ఎంత పెంచితే అంత త్వరగా చస్తోంది.

“మిక్సీ కూడ మద్దెల మద్దెల ఆగుతున్నదిరా,” అంది అమ్మ, పచ్చిమిరపకాయలు సగం నలిగిన గిన్నె చూపించి. “కరెంటు పోతున్నదేమో.”

“గదిలో ఫ్యాను తిరుగుతనే ఉన్నది గదమ్మా. కరెంటు పోతే నాకు తెల్వదా?” అన్నాను. అంత తెలివైన మాట నేను ఆ వారంలో ఇంకోటి అనలేదు.

గురువారానికి ఒకటి పాయింట్ నాలుగు దాకా వచ్చాను. అక్కడ దోస్తు గొంతు మారిపోయింది. ఇన్నాళ్ళూ “నేనున్న గదా” అన్నవాడు, “ఇగ నాకు సంబంధం లేదు, నీ ఇష్టం” అన్నాడు. వేడి తొంభై డిగ్రీలు దాటింది. డబ్బా ముందు కూర్చుంటే మోకాళ్ళు కాలుతున్నాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, వేగం కోసం పోయి కంప్యూటర్‌నే పోగొట్టుకునేలా ఉన్నాను. కళ్ళు మూసుకుంటే గొడుగు కనపడుతోంది. నేను దాని కింద నిలబడి ఎవరికో స్విమ్మింగ్ పూల్ చూపిస్తున్నాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది. కంప్యూటర్‌ను నాలుగు తిట్లు తిట్టాను, దోస్తును ఎనిమిది తిట్టాను, మామను లెక్కపెట్టలేదు.

శుక్రవారం పొద్దున ఒక నిర్ణయానికి వచ్చాను. ఇదే ఆఖరుసారి. పరీక్ష మొదలుపెట్టి, అది ఆరిపోవడం కళ్ళతో చూడలేక, చెప్పులేసుకుని బయటికి నడిచాను. వెనకాల ఫ్యాను గోలగోలగా మోగుతోంది. పక్కింటి గేటుదాకా పోయి, ఆ ఎండలో ఎక్కడికి పోతానని తిరిగొచ్చాను.

వరండాలో మా బాపు స్టూలెక్కి ఉన్నాడు.

మోకాళ్ళ నొప్పులని మంచం కూడా కష్టపడి ఎక్కే మనిషి. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేయి మీటరు పక్కనున్న ఫేజు స్విచ్చు మీద పెట్టాడు. మా వైపు ఇళ్ళల్లో ఇది తెలియనివాళ్ళుండరు. మూడు ఫేజుల్లో ఒకదాంట్లో వోల్టేజ్ పడిపోతే, స్విచ్చు తిప్పి ఇల్లు మొత్తాన్ని ఇంకో ఫేజు మీదికి మారుస్తారు. బాపు కిటికీ వైపు చెవి పెట్టి విన్నాడు. నాలుక చప్పరించాడు. స్విచ్చు తిప్పాడు.

లోపల నా కంప్యూటర్ టక్కున ఆరిపోయింది. ఫ్యాను మోత ఆగిపోయింది.

బాపు మొహంలో ఎంత తృప్తి! “ఆఁ, ఇగ సల్లగైంది,” అని తనలో తను అనుకుంటూ స్టూలు దిగాడు. దిగేటప్పుడు నన్ను చూశాడు.

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. నేను వోల్టేజ్ పెంచితే ఫ్యాను అరుస్తోంది. ఫ్యాను అరిస్తే బాపుకు మోటరు మూలుగు వినిపిస్తోంది. మూలుగు వినిపిస్తే ఆయన ఫేజు మారుస్తున్నాడు. ఫేజు మారేలోపు రెప్పపాటు కరెంటు పోతోంది, నా కంప్యూటర్ చస్తోంది. ఇన్వర్టర్ పుణ్యమా అని గదిలో నా నెత్తి మీది ఫ్యాను మాత్రం హాయిగా తిరుగుతోంది. ఆరిపోగానే నేను మళ్ళీ వోల్టేజ్ పెంచుతున్నాను. చప్పుడు ఇంకా పెరిగేసరికి ఆయన ఇంకా తొందరగా స్టూలెక్కుతున్నాడు. ఆయన తిప్పిన ప్రతిసారీ మోత ఆగింది కాబట్టి ఆయనకు తన వైద్యం మీద గురి కుదిరింది. నాకు నా వైద్యం మీద కుదిరినట్టే.

“బాపూ! సోమారం నుంచి నువ్వేనా గిది?”

“మరెవరు జేస్తరు? మోటరు గంత మూల్గుతాంటె నీకు ఇనవడ్తనే లేదాయె.”

“గది మోటరు గాదు బాపూ! నువ్వు తిప్పినప్పుడల్లా నా పని మొత్తం పోతాంది!” ఇల్లంతా అదిరేలా అరిచాను. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ఆయన అరవలేదు. స్టూలు మీదే కూలబడి మోకాలు రాసుకున్నాడు. మెల్లగా అన్నాడు.

“నాకేమెరుక కొడుకా. గా మిషన్ కాలిపోతే నిన్ను గా ఎండల నిలవెడ్తరాయె. కాలకుంట సూస్తున్న అనుకున్న.”

ఈ మనిషి నన్ను మామ వెంట పంపాలనుకుంటున్నాడని నాలుగు రోజులుగా నేను లోలోపల కుతకుతలాడుతున్నాను. ఆయనేమో నన్ను పంపకుండా ఉండటానికి ఆ మోకాళ్ళతో స్టూలెక్కి దిగుతున్నాడు. ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే వంగి ఆయన మోకాలు రాశాను. అమ్మకు మాత్రం నవ్వు రాలేదు.

“అయ్యా కొడుకులు కలిసి నా మిక్సీ కరాబు జేసిన్రు,” అంది.

వోల్టేజ్ మొదటి దగ్గరికే తెచ్చాను, ఒకటి పాయింట్ రెండు ఐదు. సోమవారమే సరిపోయిందది. శుక్రవారం మిగిలిన కత్తిరింపులు పూర్తిచేసి, శనివారం తెల్లారగానే రెండరింగ్ మొదలుపెట్టాను. ఫ్యాను లేచింది. బాపు కూడా కుర్చీలోంచి లేచాడు. నేను చూశాను. ఆయన కూర్చున్నాడు.

ఆ రోజు ఆయన పడ్డ బాధ మాటల్లో చెప్పలేను. పొద్దంతా చెవి దగ్గర మోటరు మూలుగుతూ ఉండాలి, చేయి కదపకూడదు. కాసేపు కూర్చున్నాడు, కాసేపు గేటు దాకా నడిచాడు, కాసేపు చెవులకు తువ్వాలు చుట్టుకున్నాడు. చెల్లెలింటికి పోయి రారాదా అని అమ్మ అంటే, “నేను వోతే గీ స్విచ్చు ఇంకెవడన్న ముడ్తె?” అన్నాడు. వెనక వాటాలో అద్దెకున్నాయన ఎందుకో మీటరు వైపు చూస్తే, బాపు స్టూలు తీసి తన కుర్చీ కింద పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం అసలైన కష్టం వచ్చింది. వీధిలో అందరి ఏసీలూ ఒక్కసారే మొదలయ్యాయి. వంటింట్లో బల్బు వెలుగు ఎర్రబడింది. నిజంగానే వోల్టేజ్ పడిపోయింది. బాపు కిటికీలోకి తల పెట్టాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళొక్కటే తక్కువ.

“బిడ్డా, గిప్పుడు నిజంగనే తక్కువైంది. ఒక్కసారి మార్తునా?”

“ఒద్దు బాపూ, నీ కాళ్ళు మొక్కుత.”

“కాలదు గదా?”

కాలదని నాకూ నమ్మకం లేదు. “కాలదు,” అన్నాను. ఆయన రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని గట్టిగా బిగించుకున్నాడు. నేను లోపల మానిటర్‌ను చూస్తూ, ఆయన బయట మీటరును చూస్తూ, అలాగే ఉండిపోయాం. అమ్మ ఇద్దరికీ అక్కడికే అన్నం తెచ్చిచ్చింది. బాపు ఒక చేయి మాత్రం బయటికి తీసి తిన్నాడు.

పొద్దు గూకే వేళకు పని పూర్తయింది. ఫ్యాను నెమ్మదించింది. వీడియో మొదటినుంచి చివరిదాకా పరుగెత్తించి చూశాను, ఎక్కడా చెడలేదు. “అయింది బాపూ,” అని కేకేశాను. “అయితే బందు వెట్టు పాపం, ఊపిరి వీల్చుకుంటది,” అన్నాడు.

ఆదివారం షామీర్‌పేట దావత్‌కు బాపు కూడా వస్తానన్నాడు. మామూలుగా మోకాళ్ళ సాకు చెప్పి ఎక్కడికీ రాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలోనే కూర్చున్నాడు. షామియానాలో పెద్ద స్క్రీన్ పెట్టారు. పెళ్ళి వీడియోలో జనం పెళ్ళిని చూడరు, తమను తాము వెతుక్కుంటారు. కనపడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు, కనపడనివాళ్ళు నా వైపు కోపంగా చూశారు. బరాత్‌లో మా మామ డ్యాన్సు వచ్చినప్పుడు ఆయన లేచి నిలబడి, మళ్ళీ వెయ్యమన్నాడు. రెండుసార్లు వేశాం. పెళ్ళికూతురి తండ్రి వచ్చి నా భుజం తట్టి, ఇంకో చుట్టాలింట్లో పెళ్ళుంది, నువ్వే రావాలన్నాడు.

తిన్నాక మామ మా ఇద్దరి మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పాన్ నములుతూ, “మంచిగనే జేసినవ్ అల్లుడా, ఒప్పుకుంటున్న,” అన్నాడు. “అయినా ఒక్కటి నడిచిందని అన్నీ నడుస్తయా? బావా, నువ్వన్న జెప్పు. రేపటి సంది ఆఫీసుకు పంపియ్యి.”

నేను నోరు తెరిచేలోపు బాపు తువ్వాలుతో మూతి తుడుచుకుని, మామ వైపు తిరిగాడు.

“రాడు బామ్మర్ది. గా మిషన్ ఒక్కనితోని నడిచేది గాదు. వాడు లోపలుండాలె, నేను బైట కూసోవాలె.”